‘సీ’ అను చిన్న మాట

మన పల్లె పిల్లలు ఇంగ్లీషు చదువులో మొదటనే నేర్చుకొను మాటలలో ‘సీ’ ఒకటి. ‘సీ’ అనగా చూచుట అని వారు వల్లించుదురు. అయితే ఆ ఒక్క అర్థముతో ఈ మాట తీరిపోదు.

ఏదైనను బోధపడినప్పుడు ఇంగ్లీషువారు ‘ఐ సీ’ అందురు. గ్రహించితినని దాని భావము. కన్నులు లేనివాడును ఆ మాట అనవచ్చును. డాక్టరు రోగిని పరీక్షించుటకును, చుట్టమును రైలెక్కించి సాగనంపుటకును ఈ మాటనే వాడుదురు. మన తెలుగును అట్టిదే గదా! రుచి చూతుము, వాసన చూతుము, నాడి చూతుము. వీటిలో కంటికి పని లేదు. ముసలి తల్లిని ఏ కుమారుడు చూచుకొనుచున్నాడని అడుగుదుము. ఆ చూచుకొనుటలో అన్నము, మందు, ఓపిక అన్నియు ఇమిడియున్నవి.

ఇంగ్లీషులో ‘ఓవర్‌సీ’ అనగా పైనుండి కనిపెట్టి చూచుట. ‘ఓవర్‌లుక్’ అనునదియు పైనుండి చూచుటయే; కాని వాడుకలో అది ఎక్కువగా చూడక విడిచిపెట్టుటకు పేరాయెను. ఎత్తున నిలిచినవాడు కావలి కాయవచ్చును, ఎదుటివానిని కానకయు పోవచ్చును.

‘బిషప్’ అను మాట గ్రీకులోని ‘ఎపిస్కొపొస్’ నుండి పుట్టినది. మీదనుండి కనిపెట్టి చూచువాడని దాని అర్థము. అపొస్తలుల కార్యములు 20:28లో ఆ మాటనే 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ‘ఓవర్‌సీర్లు’ అనియు, మన తెలుగు బైబిలు ‘అధ్యక్షులు’ అనియు తర్జుమా చేసెను. అధి అనగా పైన, అక్షము అనగా కన్ను.

బిషప్పుగారి అధికార స్థానమునకును ఇంగ్లీషులో ‘సీ’ అనియే పేరు. అక్షరములు అవే, పలుకుట అదే. కాని ఈ మాట చూపునకు సంబంధించినది కాదు. లాటినులో ఆసనమును ‘సేడెస్’ అందురు. దానినుండి ఇది వచ్చెను. నేను సెమినరీలో చదువుకొను దినములలో ఉపాధ్యాయుని నోట ఈ సంగతి విని చాల దినములు తలపోసితిని. పేరేమో చూపు, చోటేమో కుర్చీ! రెండిటిలో దేనిని ఎంచుకొందుము?

1912లో వి. ఎస్. అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు ఆయనయే. బిషప్పుగారి ఆసనముండు కథీడ్రలు దోర్నకల్‌లో ప్రతిష్ఠింపబడినది 1939లో. అంతవరకు ఆయన చూపు ఆగియుండలేదు. ఎడ్లబండిమీద పల్లెపల్లెకు పోయి సంఘములను చూచుకొనిరి. పీఠమునకు ముందే చూపు పని చేసెను.

ఇది బిషప్పులకు మాత్రమే చెల్లునది కాదు. ఏండ్ల తరబడి పల్లె సంఘములలో ప్రసంగపీఠముమీద నిలిచిన నాకు తెలిసినదొకటున్నది. అక్కడనుండి చాపలమీద కూర్చున్నవారందరు కనబడుదురు. రానివారు మాత్రము కనబడరు. అప్పు తీర్చలేక సిగ్గుపడి దాగినవాడు, కట్టుకొన మంచి చీర లేక ఇంట నిలిచిన విధవరాలు, మంచము పట్టిన వృద్ధుడు, వీరెవరును ఎత్తునుండి కానరారు. పీఠము దిగి, వీధిలో నడచి, గుమ్మమునొద్ద వంగి లోపలికి పోయిననే కనబడుదురు.

కాబట్టి వచ్చు ఆదివారము మీ ప్రక్క చాపమీద ఖాళీగానున్న చోటు ఎవరిదో అడుగుడి. ప్రొద్దు గ్రుంకక మునుపే ఆ ఇంటికి పోయి చూడుడి.