ఎవరికి నయం ఆ రోజులు?

'మాఫియా ఉన్న రోజులే నయం' అనే మాట లాస్ వేగాస్‌లో పాతతరం వాళ్ల నోట తరచుగా వినిపిస్తుంది. అప్పుడు భోజనం చౌక. ఊరు చిన్నది. కాసినోలో పనిచేసేవాళ్లు మనిషిని పేరుపెట్టి పలకరించేవాళ్లు. కార్పొరేట్ కంపెనీలు వచ్చాక అంతా లెక్కలే అయిపోయిందని వాళ్ల బాధ. ఇందులో నిజం లేదనను. కానీ స్త్రీల ఆత్మకథలతో కొన్నేళ్లు గడిపినదాన్ని కనుక ఆ మాట విన్నప్పుడల్లా నాకొక ప్రశ్న ఎదురవుతుంది. ఎవరికి నయం?

1905లో రైల్వే కంపెనీ స్థలాలు వేలం వేయడంతో ఎడారిలో పుట్టిన ఊరది. 1931లో నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది. అదే ఏడాది దగ్గర్లో హూవర్ డ్యామ్ పనులు మొదలయ్యాయి. 1930లో ఊరి జనాభా ఐదువేల పైచిలుకు. 2020 నాటికి చుట్టుపక్కల పట్టణాలతో కలిపి క్లార్క్ కౌంటీ జనాభా 22 లక్షలు దాటింది. ఇంత వేగంగా పెరిగిన ఊరు తన గతాన్ని తనే కూల్చుకుంటూ పెరిగింది. 1993లో డ్యూన్స్, 1996లో శాండ్స్, 2007లో స్టార్‌డస్ట్, 2024లో ట్రాపికానా - పేరుమోసిన హోటళ్లన్నీ పేలుడు పదార్థాలతో నేలమట్టమయ్యాయి. కట్టడాలు మిగలని చోట చరిత్ర మనుషుల జ్ఞాపకాల్లోనే ఉండాలి. ఆ జ్ఞాపకాల్లో మాఫియాకు 2012లో ఏకంగా ఒక మ్యూజియమే వెలిసింది. గదులు తుడిచినవాళ్ల జ్ఞాపకం ఎక్కడుంది?

ఊరికి పడమటి పక్క, రైలు పట్టాలకు అవతల వెస్ట్‌సైడ్ ఉంది. లూసియానాలోని టల్లూలా, ఆర్కన్సాలోని ఫోర్డైస్ వంటి చిన్న ఊళ్లలో పత్తి చేలనూ రంపపు మిల్లులనూ వదిలి వచ్చిన నల్లజాతి కుటుంబాలు చేరిన చోటది. 1950లలో కూడా స్ట్రిప్ హోటళ్లలో వాళ్లు గదులు ఊడవచ్చు, గిన్నెలు కడగవచ్చు, వేదికెక్కి పాడవచ్చు. ఆ హోటల్లో అతిథులుగా మాత్రం ఉండకూడదు. శామీ డేవిస్ జూనియర్ అంతటి కళాకారుడు కూడా ఆట ముగిశాక వెస్ట్‌సైడ్‌లో జెనెవీవ్ హారిసన్ అనే నల్లజాతి స్త్రీ నడిపే బస ఇంటికి వచ్చి పడుకోవలసిందే. 1960 మార్చిలో కుదిరిన ఒప్పందంతో గానీ ఆ నిషేధం తొలగలేదు. పేరుపెట్టి పలకరించిన ఆ మంచి రోజుల్లో ఈ స్త్రీలను వెనక గుమ్మంలోంచి రమ్మన్నారన్నమాట.

టల్లూలా నుంచి వచ్చిన రూబీ డంకన్ ఏడుగురు పిల్లల తల్లి. హోటల్ వంటగదిలో నూనె మీద కాలుజారి పడి పనికి దూరమైంది. 1971లో రాష్ట్రం వేలాదిమంది పేద తల్లుల సహాయభృతిని కోసేస్తే, ఆమె తోటి తల్లులనూ పిల్లలనూ వెంటబెట్టుకుని స్ట్రిప్ మీద ఊరేగింపుగా సీజర్స్ ప్యాలెస్‌లోకి నడిచింది. జూదం ఆగిపోయింది. న్యాయస్థానం ఆ భృతిని పునరుద్ధరించింది. మరుసటి ఏడు ఆ తల్లులే 'ఆపరేషన్ లైఫ్' స్థాపించి వెస్ట్‌సైడ్‌లో ఆస్పత్రి, గ్రంథాలయం నడిపారు. అలబామా నుంచి వచ్చిన హాటీ క్యాంటీ, భర్త పోయాక పదిమంది పిల్లల్ని హోటల్ గదులు శుభ్రం చేసి పెంచింది. 1990లో హోటల్ కార్మికుల సంఘం అధ్యక్షురాలైంది. ఫ్రాంటియర్ హోటల్ సమ్మె ఆమె నాయకత్వ కాలంలోనే 1991లో మొదలై 1998 దాకా, ఆరేళ్ల పైన సాగింది. సమ్మెలో ఉన్న సుమారు 550 మందిలో ఒక్కరు కూడా గీత దాటి లోపలికి వెళ్లలేదు.

ఇవన్నీ మనకు తెలియడానికి కారణం ఎవరో వెళ్లి అడగడం. నెవాడా విశ్వవిద్యాలయంలో 2003లో మొదలైన మౌఖిక చరిత్ర కేంద్రానికి తొలి డైరెక్టర్ క్లేటీ వైట్ అక్కడి నల్లజాతి స్త్రీల కథనాలను ఏళ్ల తరబడి సేకరించారు. వాటిని చదువుతున్నప్పుడు నాకు 'మనకు తెలియని మన చరిత్ర' గుర్తొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గరకు వెళ్లి, వాళ్ల మాటను వాళ్ల నుడికారంలోనే దింపిన 1986 నాటి పుస్తకం అది. మా తరానికి వినడం నేర్పింది ఆ పుస్తకమే.

ఆ చదువుతోనే మా పెద్దమ్మ కూతురి దగ్గర కూర్చున్నాను. అక్క ఇరవై ఏళ్లుగా లాస్ వేగాస్ పక్కనే ఉన్న హెండర్సన్‌లో ఉంటోంది. జ్ఞాపకాలు చెప్పమంటే నవ్వింది. 'నావేం జ్ఞాపకాలే! బావకు ఉద్యోగమొస్తే వచ్చాను, వండాను, పిల్లల్ని పెంచాను. చెప్పుకోవడానికి నేనేం చేశాను?' తను ఏమీ చేయలేదనే మాటతో మొదలుపెట్టే స్త్రీలను మనం చాలామందిని చూశాం. కాసేపాగితే మాట తనంతట తనే వస్తుంది. ఇంటి వెనక ఎడారి ఒక్క ఏడాదిలో ఇళ్లతో నిండిపోవడం, 2008లో అప్పులు కట్టలేక అవే ఇళ్లు ఒక్కొక్కటీ ఖాళీ కావడం, వదిలేసిన ఈతకొలనులో నీళ్లు పచ్చగా నాచుపట్టడం - అన్నీ చెప్పింది. పక్కింటావిడ హోటల్లో గదులు శుభ్రం చేసేదట. రాత్రిళ్లు మణికట్టు నొప్పితో నిద్రపట్టక అరుగు మీద కూర్చునేదట. అక్క వేడినీళ్లు కాచి ఇచ్చేది. ఆ ఇల్లూ పోయింది. ఆవిడ వెళ్లేముందు పూలకుండీలు అక్కకిచ్చి వెళ్లింది.

'ఆవిడ ఎక్కడుందో తెలుసా?' అనడిగాను.

'అడ్రసు తీసుకోలేదు. తీసుకునుండాల్సింది' అంది.

మన వాళ్లు అమెరికా వెళితే వేగాస్ చూసి రావడం మామూలే. తెల్లారి బయటికెళ్లి వచ్చేసరికి పక్క సర్ది, తువ్వాళ్లు మార్చి ఉంటాయి. ఎవరు మార్చారో కనపడదు. కనపడకుండా ఉండడమే ఆ పనిలో మొదటి నియమం. అందుకే అక్క చెప్పిన పక్కింటావిడ నాకు ముఖ్యం. ఆవిడ కథ ఏ భాండాగారంలో చేరిందో, అసలు చేరిందో లేదో నాకు తెలియదు. తెలుగింట్లో ఒక ఆడమనిషి జ్ఞాపకంలో మాత్రం సగం మిగిలింది. ఒక స్త్రీ తన జీవితం చెబుతున్నాననుకుంటూ పక్క స్త్రీ శ్రమను కూడా చెబుతుంది. దాన్ని పిచ్చాపాటీ అని పక్కన పెట్టేస్తే ఇద్దరూ చరిత్రలోంచి పోతారు. అక్క మాటల్ని ఆమె యాసలోనే రాసుకుంటున్నాను. ప్రతి వారం ఇంకొక పొరుగావిడ గుర్తొస్తోంది ఆమెకు.