ఎస్.పి. రోడ్డులో వాల్వుల వేట

బెంగుళూరికి చుట్టాలు వస్తే లాల్‌బాగు, విధానసౌధ చూపడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఎస్.పి. రోడ్డుకు ఎవరినీ తీసుకుపోము. కాని పాటమీద ప్రీతిగల ఇంటికి అదీ ఒక యాత్రాస్థలమే.

టౌను హాలు దగ్గర దిగి కాస్త నడిస్తే సాదర్ పత్రప్ప రోడ్డు వస్తుంది. ఇరుకు వీధి, తీగచుట్టలు, తోపుడు బండ్లు. కన్నడం, హిందీ, తమిళం, తెలుగు అన్నీ ఒకే బేరంలో వినిపిస్తాయి. ఇప్పుడక్కడ కంప్యూటరు సామానుదే రాజ్యం. వాల్వులని అడిగితే కుర్రవాళ్ళు నవ్వారు. నాలుగు దుకాణాలు తిరిగాక, ఒక సందులో వాల్వులు తెలిసిన పెద్దాయన దొరికారు.

మేము వెళ్ళిన పని ఇది. మా ఇంట్లో పెద్దలనాటి యాంప్లిఫయరు ఒకటి ఉంది. అందులో ఒక ఇ.సి.సి.83, రెండు ఇ.ఎల్.84లు, ఒక ఇ.జెడ్.81 ఉన్నాయి. ఘంటసాలవారి పద్యాల రికార్డు పెడితే గొంతు బొంగురుగా వస్తున్నది. ఒక ఇ.ఎల్.84 లోపలి రేకు నిప్పులా ఎర్రబడుతున్నది.

"ఏం కావల్ల స్వామీ?"

"ఇ.ఎల్.84 జోడు కావాలండీ. ఒకటి ఎర్రగా కాలుతున్నది."

"ఇస్తాను. అది ఎందుకు ఎర్రగయిందో చూసినారా?"

ఆ ప్రశ్నలోనే సగం వైద్యం ఉన్నది. వాల్వు వయసు మీరి పోవడం ఒకటి, వేరొక భాగం దాన్ని చంపడం ఒకటి. ముందరి వాల్వునుంచి ధ్వనిని అందించే చిన్న కెపాసిటరు లీకయితే ఇ.ఎల్.84 గ్రిడ్డుకు చేరరాని వోల్టేజి చేరుతుంది, కరెంటు మితిమీరుతుంది. ఆ రేకు ఓర్వగల వేడి 12 వాట్లే. కారణం తీయక కొత్తది పెడితే దానికీ అదే గతి. అవుట్‌పుట్ ట్రాన్సుఫార్మరు కూడా కాలితే, అటువంటిది మళ్ళీ చుట్టించడం వాల్వు కొన్నంత సులభం కాదు. అందుచేత ముందు కెపాసిటర్లు మార్పించమన్నారు. తరువాత టెస్టరుమీద చూచి, సమంగా కరెంటు తీసుకునే రెండు వాల్వులు ఏరారు.

ఎన్నిక విషయంలోనూ కొంత నేర్చుకున్నాము. పేరులో ఇ అంటే 6.3 వోల్టుల హీటరు, ఎల్ అంటే స్పీకరును నడిపే వాల్వు, జెడ్ అంటే ఏ.సి.ని డి.సి.గా మార్చేది. అమెరికా పెట్టెమీద ఇ.సి.సి.83ను 12ఏ.ఎక్స్.7 అనీ, ఇ.ఎల్.84ను 6బి.క్యూ.5 అనీ రాస్తారు. ఇ.సి.సి.82 కూడా 83 సాకెట్టులో చక్కగా కూర్చుంటుంది. కాని 83 వృద్ధి గుణకం 100, 82ది 20కి లోపే. కూర్చున్నంత మాత్రాన సరిపడినట్లు కాదు.

గాజు లోపలి వెండిపూత తెల్లబడితే గాలి చొరబడిందన్నమాట, అది తీసుకోరాదు. పనిచేస్తున్న ఇ.సి.సి.83 గాజును పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు స్పీకరు గంటలా మోగితే అదీ వద్దు.

స్లొవేకియా, రష్యా దేశాలలో ఇవి ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. పెద్దాయన మాత్రం అట్టపెట్టె అడుగునుంచి బి.ఇ.ఎల్. ముద్రగల జోడు తీశారు. 1954లో స్థాపించిన ఆ ప్రభుత్వ సంస్థ 1961లో ఫిలిప్సు సహకారంతో రేడియో వాల్వులు చేయ మొదలుపెట్టింది. ఈ ఊరి జాలహళ్ళిలో పుట్టిన సరుకు! పాత విలాయతీ పేర్లకు ధర హెచ్చు. టెస్టరు సరి అన్నాక పేరుకోసం డబ్బు పోయనవసరం లేదని ఆయన మాట.

ఒక హెచ్చరిక. స్విచ్చి ఆపినా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులదాకా నిలిచి ఉండవచ్చు. మూత విప్పే పని తెలిసిన మెకానిక్కుకే వదలండి.

మా మెకానిక్కు కెపాసిటర్లు మార్చి, జాలహళ్ళి జోడు పెట్టి, గంటసేపు కనిపెట్టి చూచాడు. రేకు ఎర్రబడలేదు. పద్యం చివరి రాగం తెగకుండా సాగింది. వంటింట్లోవారు పని ఆపి వచ్చి కూర్చున్నారు.