బ్రౌన్ బ్రెడ్‌కి పార్టీ అడిగాను

మా ఇంట్లో బ్రెడ్ అంటే జ్వరం. నాకు ఒళ్లు కాలిపోతుంటే నాన్న సాయంత్రం మెడికల్ షాపులో మాత్రలు, పక్క బేకరీలో బ్రెడ్ ప్యాకెట్ కొనుక్కొచ్చేవారు. వేడి పాలలో ముంచుకుని తినడం, దుప్పటి కప్పుకుని పడుకోవడం. స్కూల్లో ఎవడైనా "నిన్న బ్రెడ్ తిన్నాన్రా" అంటే "ఏం, జ్వరమా?" అనేవాళ్లం. బీటెక్‌కి హైదరాబాద్ వచ్చాక ఓ పెళ్లిలో డబుల్ కా మీఠా లొట్టలేసుకుని తిన్నా. అది బ్రెడ్‌తో చేశారని చెబితే నమ్మలేదు. జ్వరం తిండి పెళ్లిలో పెడతారా!

ఆ ఒక్క మాట ఇంకెన్ని వేషాలు వేస్తుందో ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

మా ప్రాజెక్టు క్లయింట్ లండన్‌లో ఉంటారు. అక్కడి లీడ్ యాభై దాటిన మనిషి, ఈస్ట్ లండన్‌లో పుట్టి పెరిగారు. ఒకరోజు నా కోడ్ చూసి "యూజ్ యువర్ లోఫ్" అని కామెంట్ పెట్టారు. లోఫ్ అనే లైబ్రరీ ఏదో ఉందనుకుని అరగంట వెతికాను. నవ్వకండి, మీరైనా అదే చేసేవాళ్లు. చివరికి ఆయన్నే అడిగితే "బుర్ర వాడు అన్నానయ్యా" అన్నారు.

ఇది కాక్నీల ప్రాస భాష. హెడ్‌కి ప్రాస బ్రెడ్. 'లోఫ్ ఆఫ్ బ్రెడ్' అంటే తల. తర్వాత ప్రాస కుదిరిన 'బ్రెడ్' అన్న మాటనే ఎగరగొట్టేస్తారు. మిగిలింది లోఫ్. తాళం వేసి తాళంచెవి దాచేసినట్టు! లండన్ తూర్పు వీధుల్లో, ముఖ్యంగా బజారు వ్యాపారుల నోళ్లలో ఇది నలిగింది. 1859లో జాన్ కామ్డెన్ హాటెన్ అనే ఆయన అచ్చువేసిన యాస నిఘంటువులోనే ఇలాంటి మాటల పట్టిక ఉంది. యాపిల్స్ అండ్ పేర్స్ అంటే స్టెయిర్స్, అంటే మెట్లు. డాగ్ అండ్ బోన్ అంటే ఫోన్. బ్రెడ్ అండ్ హనీ అంటే మనీ. ఇంగ్లిష్‌లో బ్రెడ్ అంటే డబ్బు అనే అర్థం ఈ ప్రాస వల్లే వచ్చిందని కొందరంటారు.

నాకు భలే నచ్చింది. ఫోన్‌లో లిస్టు రాసుకుని ఫ్రెండ్స్ దగ్గర కటింగులిచ్చాను. సగం తెలిసినవాడి ధైర్యం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా.

ఒక సోమవారం టీమ్ చాట్‌లో లీడ్ మెసేజ్ వచ్చింది. "మై ఓల్డ్ మాన్ ఈజ్ బ్రౌన్ బ్రెడ్. ఈ వారం రాను." ఓల్డ్ మాన్ అంటే నాన్న అని తెలుసు. బ్రెడ్ అంటే డబ్బు, అదీ తెలుసు. అంటే వాళ్ల నాన్నకి డబ్బేదో కలిసొచ్చిందన్నమాట! అందరికంటే ముందు నేనే రిప్లై కొట్టాను, "కంగ్రాట్స్! పార్టీ ఎప్పుడు?" పక్కన రెండు నవ్వు ఎమోజీలు కూడా.

చాట్‌లో ఎవరూ మాట్లాడలేదు. రెండు నిమిషాలకి లండన్ టీమ్‌లోనే ఉండే మన తెలుగు అక్క ఒకావిడ విడిగా మెసేజ్ చేశారు. "తమ్ముడూ, ముందు అది డిలీట్ చెయ్యి. వాళ్ల నాన్నగారు పోయారు."

బ్రెడ్‌కి డెడ్ కూడా ప్రాసే.

ఆ రాత్రి నిద్ర పట్టక డిక్షనరీలు తిరగేశాను. బ్రెడ్ చుట్టూ ఎంత కథో! లార్డ్ అనే మాటకి పాత ఇంగ్లిష్‌లో మూలం రొట్టెని కాపాడేవాడు. లేడీ అంటే రొట్టె పిండి పిసికే ఆవిడ. కంపానియన్‌కి లాటిన్ మూలం 'కలిసి రొట్టె తినేవాడు'. మనం రోజూ తిట్టుకునే కంపెనీ అనే మాటా అక్కడి నుంచే వచ్చింది. అన్నీ ఉన్నాయి. నాన్న పోయిన మనిషి 'డెడ్' అనకుండా 'బ్రౌన్ బ్రెడ్' అని ఎందుకన్నాడో మాత్రం ఏ డిక్షనరీలోనూ లేదు.

వారం తర్వాత ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "మా నాన్న కూరగాయల మార్కెట్లో పనిచేసేవాడు. ఇంట్లోనూ ఆ భాషే. ఆ రోజు డెడ్ అని టైప్ చేయబోతే వేళ్లు కదల్లేదు. ఆయన మాటతో రాస్తే రాయగలిగాను. నువ్వు పార్టీ అడిగావని తెలిస్తే పడీపడీ నవ్వేవాడు."

ఫోన్ పెట్టేశాక మా నానమ్మ గుర్తొచ్చింది. తాతయ్య పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది. "ఆయనకి భూమ్మీద నూకలు చెల్లిపోయాయి నాయనా." అప్పుడు నేను ఇంటర్. మనిషి పోతే నూకల లెక్కేంటి అనుకున్నాను. నూకలంటే విరిగిన బియ్యం అని తెలుసు. నానమ్మ నోట 'చచ్చిపోయాడు' అన్న మాట ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదని ఇప్పుడు తట్టింది. కాక్నీలది ప్రాస, మనది తిండి రుణం. దారులు వేరు. కానీ తిన్నగా చూడలేని దాన్ని ఇద్దరూ తిండి చాటునుంచే చూశారు.

ఇప్పుడు తెలియని మాట కనిపిస్తే ఎమోజీ పెట్టే ముందు అడుగుతున్నాను. తెలిసిన మాటైతే ఇంకోసారి చదువుతున్నాను.

మొన్న రూమ్‌లో ఒంటరిగా జ్వరంతో పడుకుంటే అమ్మ రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. "బ్రెడ్ తిన్నావా?" అనే అడిగింది ప్రతిసారీ. తిన్నా తినకపోయినా "తిన్నానమ్మా" అన్నాను. ఆమె అడుగుతున్నది బ్రెడ్ గురించి కాదని నాకు తెలుసు.