ఆ ధైర్యం ఎవరిది?

మా తరగతిలో అందరికన్నా నేనే పెద్దదాన్ని. చేరిన కొత్తలో చాలామంది "అక్కా, మధ్యలో చదువెందుకు ఆపేశావు?" అని అడిగేవాళ్లు. పీయూసీ అయ్యాక బెంగళూరులో కంపెనీ ఉద్యోగం చేశాననీ, అది మానేసి సొంతంగా ఊరగాయల వ్యాపారం పెట్టాననీ చెప్తే "అబ్బా, ఎంత ధైర్యమో!" అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉండేది. ఎందుకో ఇక్కడ రాస్తాను.

మాది కేజీఎఫ్. తాత ఛాంపియన్ రీఫ్ గనిలో భూమి లోపల పని చేసినాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కాలు పెట్టిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తర్వాత మా వీధిలో చాలా ఇళ్లకు అన్నం పెట్టింది రైలే. చీకటితో లేచి, మారికుప్పంలోనో ఊరగాంలోనో ఎక్కి, బంగారపేట మీదుగా బెంగళూరు పోవడం. మళ్లీ చీకటి పడ్డాక దిగడం. మొదట తాత ఆ రైల్లో వాచ్‌మన్ పనికి పోయినాడు. నాన్న పోయాక అమ్మ గార్మెంట్స్‌కి పోయింది. ఆ తర్వాత నేను కాల్ సెంటర్‌కి. మూడు తరాలకు ఒకటే రైలు.

నా జీతం 16,000. పోనూ రానూ అయిదు గంటలు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే మా అవ్వ చేసిన టమోటా తొక్కు కోసం పక్క సీట్లవాళ్లు చేతులు చాపేవాళ్లు. ఒకామె దుడ్లిచ్చి సీసా తెప్పించుకుంది. అంతే, నాకు రెక్కలొచ్చినాయి. 2022 డిసెంబర్‌లో ఉద్యోగం మానేశాను.

అమ్మ అరవలేదు. తన రెండు గాజుల్లో ఒకటి తీసి చేతిలో పెట్టింది. "ఆర్నెల్లు చూడు పాపా. రైలుకి నేను పోతా ఉండానుకదా" అనింది. నేను మొదటి మాట మాత్రమే విన్నాను. బంగారం తవ్విన ఊర్లో, తాకట్టు అంగడికి గాజు తీసుకొనిపోయి పెద్ద పొయ్యి, గిన్నెలు, సీసాలు కొన్నాను.

మొదట్లో బాగానే సాగింది. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదుకు అప్పుడు ఏడాదికి 100 రూపాయలే. ఆ నంబరు సీసా మీద వేసుకుంటే అంగడివాళ్లు నమ్మారు. మూడు అంగళ్లకు వారానికి 40 సీసాలు, సీసా 60 రూపాయలని ఆరు నెలలకు మాట ఇచ్చాను. కోలారు మార్కెట్లో 15 కిలోల టమోటా పెట్టె అప్పుడు 200. వారానికి రెండు పెట్టెలు. నూనె, కారం, సీసా అన్నీ కలిపితే ఒక్కోదానికి 35 పడేది. వారానికి వెయ్యి రూపాయలు లాభమని నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

ఆ లెక్కలో రెండు తప్పులున్నాయి. అవ్వ, నేను పొయ్యి దగ్గర నిలబడిన గంటలకు కూలి వేయలేదు. వేసుంటే లాభం అప్పుడే సున్నా. రెండోది, టమోటా ధర నా మాట వినదని నాకు తోచలేదు. కోలారు జిల్లాలో పుట్టి, రోడ్డు పక్కన పారబోసిన టమోటాలూ చూసి, అయినా తోచలేదు!

2023 జూలై వచ్చింది. దేశమంతా టమోటా గురించే మాట. కోలారు మార్కెట్లో పెట్టె రెండువేలు దాటింది. రైతులకు ఎన్నాళ్లకో మంచి రోజులు. నాకు మాత్రం ఒక్కో సీసాకు 125 పడుతోంది, అమ్మేది 60కి. మాట ఇచ్చాను కదా అని అయిదు వారాలు అట్లాగే వేశాను. వారానికి 2,600 చొప్పున 13,000 పోయింది. కంపెనీలో ధర మాట్లాడేవాళ్లు వేరు, సరుకు కొనేవాళ్లు వేరు, నష్టమొస్తే ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు వేరు. అక్కడ నాకు ఫోన్ ఎత్తడం మాత్రమే తెలుసు. ఇక్కడ అందరూ నేనే. ఆరో వారం అంగళ్లకు పోయి, "అన్నా, నా వల్ల కాదు" అని చెప్పేశాను. ఇద్దరు "ముందే చెప్పుంటే ధర మార్చేవాళ్లం కదమ్మా" అన్నారు. అడగాలనే నాకు తట్టలేదు.

ఆ నెల అమ్మ రెండో గాజు కూడా పోయింది.

ఆ రోజుల్లోనే ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి కథ మళ్లీ చదివాను. ఆయన పుట్టిన శిడ్లఘట్ట అప్పుడు మన కోలారు జిల్లాలోదే. 1981లో పుణెలో పట్నీ కంపెనీ ఉద్యోగం వదిలి, ఆరుగురు సహోద్యోగులతో కలిసి కంపెనీ పెట్టారు. సుధామూర్తి గారు తాను దాచుకున్న 10,000 ఇచ్చారు. ఈ కథ మనందరికీ తెలిసిందే. కానీ నేను ఎప్పుడూ ఆ పదివేల దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆ రోజుల్లో ఆవిడ ఉద్యోగం చేస్తూ ఉన్నారన్న మాట దాటేసి చదివేదాన్ని. వదిలేసినవాళ్ల గురించి అందరూ రాస్తారు. వదలకుండా జీతం తెచ్చినవాళ్లు ఒక వాక్యంలో అయిపోతారు.

అప్పుడు మా ఇంటి లెక్క మొదటినుంచీ మళ్లీ రాశాను. ఎనిమిది నెలలు బియ్యం, అద్దె, కరెంటు, అవ్వ మందులు అన్నీ అమ్మ జీతంలోంచే. నేను "నా కాళ్ల మీద నేను" అని అందరికీ చెప్పుకుంటూ ఉంటే, అమ్మ కాళ్లు బంగారపేట రైల్లో సీటు దొరక్క నిలబడి ఉన్నాయి. తాతను ఉద్యోగమే వదిలేసింది. నేను ఉద్యోగాన్ని వదిలాను. అమ్మకు ఈ రెండింటిలో ఏదీ చేసే వీలు లేకపోయింది.

ఉద్యోగం మానొద్దని నేను చెప్పను. మళ్లీ అవకాశమొస్తే నేనూ మానతాను. కానీ ముందు మూడు పనులు చేస్తాను. నా కూలి వేసి ధర కడతాను. సరుకు ధర పెరిగితే ఏం చేయాలో ముందే మాట్లాడుకుంటాను. నేను సంపాదించని నెలల్లో ఇల్లు ఎవరి భుజం మీద ఉందో వాళ్ల పేరు లెక్కలో మొదట రాస్తాను.

ఇప్పుడు కాలేజీకి వస్తూ, టమోటా చవకగా ఉన్న నెలల్లోనే తొక్కు చేస్తున్నాం. ఆర్డరు వచ్చినంతే. నోటుబుక్కులో "అమ్మకు ఇవ్వాల్సింది" అని ఒక వరస కొత్తగా గీశాను. ఒక గాజు విడిపించాను, రెండోది ఇంకా అంగట్లోనే ఉంది.

కాబట్టి ఇకమీద నన్ను చూసి ఎవరైనా ధైర్యం అంటే, ఆ మాట అమ్మకు చేర్చేస్తాను. కాకపోతే ఆమె ఆదివారం తప్ప ఇంట్లో దొరకదు.