‘డి’ ఉండగా ‘ఎం’ ఎందుకు?

ఆటోమేటిక్ కారు కొన్నవాళ్లకి మా విజయనగరంలో ఓ పరీక్ష తప్పదు. పక్కింటివాళ్లు, పొద్దున్నే నడకకి వచ్చే మిత్రులు, నా దగ్గర చదువుకున్న పిల్లలు... ఎవరొచ్చినా ముందు కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తారు. ‘మాస్టారూ, క్లచ్చేదీ?’ అంటారు. లేదంటే, ‘మరి గేర్లెవరు మారుస్తారు?’ అంటారు. ‘అదే మార్చుకుంటుంది’ అని చెబితే ఓ క్షణం ఆలోచించి, గేరు రాడ్డు పక్కనున్న అక్షరాలమీద వేలు పెడతారు. ‘అన్నీ అదే చూసుకుంటే ఈ ‘ఎం’ ఏంటి? ఈ ప్లస్సూ మైనస్సూ ఏంటి?’

మంచి ప్రశ్న. ఆటోమేటిక్ కారున్న ప్రతి ఇంట్లోనూ ఒకసారైనా వేసుకోవాల్సిన ప్రశ్న. చాలామంది ‘డి’లో పెట్టి బయల్దేరతారు, ‘డి’లోనే తిరిగొస్తారు. ‘ఎం’ అనేది కుర్రాళ్ల సరదాకోసం పెట్టిందనుకుంటారు. మన జిల్లాల్లో, అందులోనూ కొండదారులకి దగ్గరగా ఉండేవాళ్లు, అలా అనుకుంటే కుదరదు.

ముందు నా కారు సంగతి. ముప్పైనాలుగేళ్లు నిలబడి ఫిజిక్స్ చెప్పినందుకు రిటైరయ్యేనాటికి నా ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ తొక్కినప్పుడల్లా ప్రాణం పోయేది. ‘ఇక డ్రైవింగ్ మానేయండి నాన్నా’ అన్నారు పిల్లలు. ‘క్లచ్ తొక్కడం మానేయండి చాలు’ అన్నారు డాక్టరు. నాకు డాక్టరు మాటే నచ్చింది. 2021లో చిన్న ఏఎంటీ కారు తీసుకున్నాం.

గేర్లు వాటంతటవే మారడం కొత్త సంగతేం కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలోనే హైడ్రామ్యాటిక్ పేరుతో ఆ సదుపాయం ఇచ్చింది. మనదగ్గర మాత్రం చాలాకాలం అది ఖరీదైన కార్ల సొగసే. 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ వచ్చాక మధ్యతరగతి ఇళ్లకి అందింది. ఇందులో కిటుకు తేలిక. గేరుబాక్సు మామూలు కారుదే, క్లచ్చు కూడా ఉంటుంది. కాకపోతే దాన్ని మన కాలికి బదులు ఓ యంత్రం తొక్కుతుంది. ఎప్పుడు తొక్కాలో ఓ చిన్న కంప్యూటరు చెబుతుంది. గేరు మారినప్పుడు కారు ఒక్క క్షణం తటపటాయించి తల ఊపుతుంది చూశారూ... అది ఆ యంత్రం పనిలో ఉన్నప్పుడే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఊళ్లో ఆ కారు సుఖం అంతా ఇంతా కాదు. సిరిమానోత్సవం రోజుల్లో మూడు లాంతర్ల దగ్గర అడుగడుక్కీ ఆగుతూ వెళ్లాలన్నా, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దాటాలన్నా ఎడమకాలికి పనే ఉండదు. భోగాపురం నుంచి రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం వెళ్లే జాతీయరహదారి మీదా అంతే. ఒక వేగానికి వచ్చాక కారు పైగేరులో హాయిగా పోతుంది. అక్కడ ‘ఎం’ జోలికి వెళ్లడం పనిలేని పనే. కంప్యూటరు మనకన్నా బాగా మారుస్తుంది, పెట్రోలూ మిగులుస్తుంది.

సాలూరు ఘాట్ ఎక్కితే మాత్రం లెక్క మారిపోతుంది.

మా అప్ప వాళ్లది కొరాపుట్. ఏటా పైడితల్లమ్మ పండక్కి వెళ్లి తనని తీసుకొస్తాం. గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటాక కొండ మొదలవుతుంది. సుంకి దగ్గర ఒడిశాలోకి వెళ్తాం. 2022 నుంచి సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది కానీ, ఆ దారి మాత్రం మాకెప్పుడూ సొంతదారే. రాయ్‌పూర్ వైపు నుంచి వచ్చే లారీలన్నీ దానిమీదే దిగుతాయి. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ, మధ్యలో మలుపు తర్వాత మలుపు. 

సాలూరంటే లారీల ఊరు. మా పెద్దమావయ్య ఆ లారీలమీదే జీవితం గడిపాడు. నేను డ్రైవింగ్ నేర్చుకున్న కొత్తలో ఆయన చెప్పిన పాఠం ఒక్కటే. ‘ఒరే అల్లుడూ! ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాలి. బ్రేకన్నది ఆగడానికిరా, దిగడానికి కాదు.’ 

ఆయనకి ఫిజిక్స్ రాదు. కానీ నేను తరగతిలో చెప్పినదంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. లెక్క వేసి చూడండి. మనుషులూ సామాన్లూ కలిపి మన చిన్నకారు 1,300 కిలోలనుకుందాం. అది వంద మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే దాదాపు 12.7 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. నాలుగు లీటర్ల చన్నీళ్లని మరిగే దాకా తీసుకురావడానికి సరిపోయే వేడి అది! గాలీ, టైర్ల రాపిడీ కొంత తీసుకుంటాయి. మిగిలిందంతా బ్రేకులమీద పడితే? ఘాట్ అన్నాక వంద మీటర్లతో అయిపోదు కదా. దిగేకొద్దీ బ్రేకులు కాగుతూనే ఉంటాయి. ఒక స్థాయి దాటాక బ్రేకు ప్యాడ్ల పట్టు తగ్గుతుంది. వేడి బ్రేకు ఆయిల్‌కి పాకితే ఇంకా ప్రమాదం. చాలా కార్లలో వాడే డాట్-4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. అదే ఏళ్ల తరబడి మార్చకుండా తేమ పీల్చుకుంటే ఆ హద్దు 155 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలొస్తే పెడల్ నేలదాకా వెళ్తుంది... కారు మాత్రం ఆగదు.

ఆ వేడిలో సగభారం మోయడానికి ఇంజిన్ సిద్ధంగానే ఉంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి చిన్న గేరులో ఉంటే చక్రాలే ఇంజిన్‌ని తిప్పాలి. అది తిరగనంటూ మొరాయిస్తుంది. ఆ మొరాయింపే మనకి బ్రేకు. గేరు ఎంత చిన్నదైతే పట్టు అంత ఎక్కువ. పైగా ఇప్పటి కార్లలో ఆ సమయంలో ఇంజిన్‌కి పెట్రోలు అందడం ఆగిపోతుంది. కాబట్టి ‘న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుంది’ అనే పాతమాటని మర్చిపోవాలి. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగడానికి పెట్రోలూ కావాలి, కారుకి ఆ పట్టూ ఉండదు.

మరి కారుకి ఇవన్నీ తెలియవా? అక్కడే ఉంది చిక్కు. నాలాంటి మామూలు ఏఎంటీలో కంప్యూటరు ప్రధానంగా రెండు సంగతులు గమనిస్తుంది. కారు ఎంత వేగంతో పోతోంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు... అంతే. దిగుడులో మనం కాలు తీసేస్తాం, వేగమేమో పెరుగుతుంటుంది. ‘ఓహో, ఈయన తీరిగ్గా పోతున్నాడు’ అనుకుని అది పైగేరు వేసేస్తుంది. అంటే ఇంజిన్ పట్టు కావాల్సిన చోటే వదిలేస్తుంది. కొన్ని కొత్త కార్లు వాలుని పసిగట్టి చిన్న గేరు పట్టుకుంటున్నాయి. కానీ ముందు మలుపులో ఏముందో, ఎదురుగా వచ్చే లారీ ఎంత వెడల్పుగా తిరుగుతుందో వాటికీ తెలియదు. చూసేది మనం. చూసింది కారుకి చెప్పే దారి ‘ఎం’.

మూడేళ్ల క్రితం అప్పని తీసుకుని దిగుతున్నాం. వెనకసీట్లో ఆమె, మా మనవరాలు. ముందు నా భార్య. పైన, వాలు మొదలవకముందే ‘ఎం’లోకి మార్చి, రెండో గేరులో దిగుతున్నాను. సగం దారిలో ఓ మలుపు దాటగానే ఘాటైన కమురు వాసన. మన బండేమోనని అప్ప కంగారుపడింది. కాదు, రోడ్డు పక్క కాస్త వెడల్పున్న చోట ఓ కొత్త కారు ఆగి ఉంది. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. పక్కన ఓ కుర్రాడు, చంకలో పిల్లాడితో అతని భార్య. కుర్రాడి చేతిలో నీళ్ల సీసా. చక్రంమీద పోయబోతున్నాడు.

‘ఆగు బాబూ, పొయ్యకు’ అని దిగాను. నిప్పులా కాగిన ఇనుముమీద చన్నీళ్లు పడితే డిస్కు వంకరపోవచ్చు, పగలనూ వచ్చు. 

‘బ్రేకు మెత్తబడిపోయింది అంకుల్. ఎంత తొక్కినా సరిగ్గా ఆగట్లేదు. ఎలాగో హ్యాండ్‌బ్రేకు కలిపి ఆపాను’ అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. 

‘ఏ గేర్లో దిగుతున్నావు?’

‘డి లోనే. ఆటోమేటిక్ కదా అంకుల్... అదే చూసుకుంటుందనుకున్నా.’

అతన్ని తప్పుపట్టడానికేం లేదు. కారు అప్పగించేటప్పుడు పాటలెలా పెట్టాలో, ఫోను ఎలా కలపాలో గంటసేపు చెబుతారు. దిగుడులో ‘ఎం’ వాడమని చెప్పేవాళ్లు తక్కువ. దాదాపు గంట అక్కడే కూర్చున్నాం. అప్ప తెచ్చిన జంతికలు పిల్లలిద్దరూ ఖాళీ చేశారు. చక్రాలు చల్లారాయి, పెడల్ మళ్లీ గట్టిపడింది. నిలిపిన చోటే రెండుమూడుసార్లు తొక్కి చూసుకున్నాక, అతని కారుని ‘ఎం’లో మొదటి గేరులో పెట్టించి నా వెనకే నెమ్మదిగా రమ్మన్నాను. ‘సాలూరులో మెకానిక్‌కి చూపించకుండా ముందుకెళ్లకు’ అనీ చెప్పాను. కొండ దిగాక హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. అద్దంలో అతని భార్య దణ్ణం పెట్టడం కనిపించింది. నాకు మాత్రం మా పెద్దమావయ్య గుర్తొచ్చాడు.

మీ ఇంట్లోనూ ఆటోమేటిక్ ఉంటే ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. వాలులో వేగం అందుకున్నాక కాకుండా, కొండమీదే ‘ఎం’లోకి రండి. ఏ గేరులో దిగాలో తెలియకపోతే కారుని ఎక్కించిన గేరే లెక్క. బ్రేకుమీద కాలు అదేపనిగా ఆనించి ఉంచొద్దు. వేగం పెరిగినప్పుడు గట్టిగా నొక్కి, తగ్గాక వదిలేయండి, బ్రేకులకి చల్లారే వ్యవధి దొరుకుతుంది. చిన్న గేరులో ఇంజిన్ గట్టిగా అరిస్తే భయపడొద్దు. మరీ వేగంలో మీరు మైనస్ నొక్కితే చాలా కార్లు ఒప్పుకోవు, ఇంజిన్‌కి దెబ్బ తగలనివ్వవు. ‘ఎం’ లేని కార్లలో ‘ఎల్’ అనో ‘ఎస్’ అనో ఉంటుంది. సీవీటీ రకంలో నిజానికి గేర్లే ఉండవు, అయినా ఆ మీటలు ఇంజిన్ పట్టుని పెంచుతాయి. అన్నట్టు... కొన్ని కార్లలో రాడ్డు ముందుకి తోస్తే ప్లస్, కొన్నింటిలో వెనక్కి లాగితే ప్లస్. కారుతోపాటు వచ్చే పుస్తకం బీరువాలో దాచేది కాదు, చదివేది.

ఎక్కేటప్పుడూ ‘ఎం’ పనికొస్తుంది. మలుపుల్లో ‘డి’ రెండా మూడా అని ఊగిసలాడుతుంటే రెండులో కట్టేయొచ్చు. రెండు వరసల రోడ్డుమీద లారీని దాటాలంటే ముందే ఒక గేరు తగ్గించుకుంటే, ఎదురుబండి వస్తుండగా కారు తల ఊపుతూ కూర్చోదు. ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఎత్తుమీద ఆగాల్సొస్తే యాక్సిలరేటర్ కొంచెం తొక్కి ఏఎంటీ కారుని అలా నిలబెట్టొద్దు. లోపల క్లచ్ కాలిపోతుంది. బ్రేకే వాడండి. ఇరుకుదారిలో ఎక్కే బండికే ముందు దారివ్వాలన్నది రూలు కూడాను.

ఈ కారు మా ఇంట్లో ఇంకో మేలూ చేసింది. క్లచ్చంటే భయపడి ఇన్నాళ్లూ స్టీరింగ్ ముట్టని మా ఆవిడ, యాభైఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. ‘డి’ వారంలో వచ్చేసింది. ‘ఎం’ దగ్గర మొరాయించింది. ‘అది మీ మగాళ్ల సరదా, నాకెందుకండీ?’ అంది. ఘాట్‌లో ఆ కుర్రాడి చేతులు వణకడం చూశాక ఇంకేం అనలేదు. ఊరి బయట ఖాళీరోడ్డు మీద పొద్దున్నే పదిరోజులు సాధన చేసింది. ప్లస్, మైనస్, మళ్లీ ప్లస్. చదునునేలమీద చేతికి అలవాటైతేనే కొండమీద తడుముకోకుండా ఉంటాం మరి.

కిందటేడు పండక్కి అప్పని తేవడానికి వెళ్లినప్పుడు తిరుగుదారిలో నా మోకాలికి విశ్రాంతి ఇచ్చి తనే నడిపింది. సుంకి దాటి వాలు కనబడుతుండగానే వేగం తగ్గించి, రాడ్డుమీద చెయ్యి వేసింది. కళ్లు రోడ్డుమీంచి తిప్పకుండానే అడిగింది... 

‘మూడు సరిపోతుందా, రెండు వెయ్యనా?’