బ్యాటరీకీ చలేస్తుంది

ఇలా పొయ్యి దగ్గరికి జరగండి, చెబుతాను. లేహ్‌లో దీన్ని బుఖారీ అంటారు. రేకు పొయ్యి, పొగగొట్టం కప్పులోంచి బయటికి పోతుంది. బయట జనవరి రాత్రి, మైనస్ 15 డిగ్రీలు. మేం దిగిన ఇంటి పెద్దాయన్ని అందరూ అచోలే అనేవారు, మనం అన్నగారూ అన్నట్టు. ఆయన పడుకోబోయే ముందు గది మూలనున్న చెక్కపెట్టె మూతెత్తి, లోపల వేలాడే థర్మామీటర్ చూసి మళ్లీ మూసేవారు. ఆ పెట్టెలో ఉన్నది సోలార్ బ్యాటరీ.

చలికి బ్యాటరీ పనిచేయదనుకుంటాం కదా? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం మైనస్ 20లో కూడా దీపం వెలిగిస్తుంది. పేచీ అంతా ఛార్జింగ్ దగ్గరే. సున్నా కంటే దిగువన లిథియం లోపలి గ్రాఫైట్ పొరల్లోకి చురుగ్గా దూరలేదు, పైనే లోహంగా పేరుకుంటుంది. అలా పోయిన సామర్థ్యం తిరిగి రాదు. ముదిరితే లోపల షార్టయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే మంచి బ్యాటరీల్లో బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ సున్నా దగ్గర ఛార్జింగ్ ఆపేస్తుంది.

అసలు చిక్కు తెల్లవారుజామున వస్తుంది. రాత్రంతా చల్లబడిన బ్యాటరీ అప్పుడే బాగా బిగుసుకుని ఉంటుంది. సోలార్ పలకలేమో చలికి ఇంకా హుషారు, సిలికాన్‌కు చల్లదనంలో వోల్టేజీ పెరుగుతుంది మరి. చుట్టం వచ్చి తలుపు కొడుతుంటే ఇంట్లోవాళ్లింకా దుప్పటి తీయలేదన్నమాట.

థర్మాకోల్ పెట్టె కడితే చాలంటారు కొందరు. థర్మాకోల్ వేడిని పుట్టించదండీ, ఉన్నదాన్ని పట్టి ఉంచుతుందంతే. అడుగున హీటింగ్ ప్యాడ్ కావాలి. అదీ రాత్రంతా కాదు. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ పన్నెండు కిలోలుంటుంది. దాన్ని మైనస్ 10 నుంచి 5 డిగ్రీలకు తేవడానికి సుమారు 50 వాట్ అవర్లు చాలు, అంటే అది దాచుకునే 1,280లో ఇరవై అయిదో వంతు. రాత్రి పొడుగునా వెచ్చగా ఉంచబోతే అంతకంటే ఎక్కువే కారిపోతుంది. ఎండ రాకముందు ఒక గంట కాచుకోనివ్వండి. కొన్ని కొత్త బ్యాటరీలైతే పొద్దుటి మొదటి కరెంటుతో తమ ప్యాడ్‌నే వేడిచేసుకుని, ఆ తర్వాతే నింపుకోవడం మొదలుపెడతాయి.

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ సంగతి వేరు. నిండుగా ఉంటే మైనస్ 50లోనూ గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోతే మైనస్ 10 లోపే గడ్డకట్టి, డబ్బా పగలవచ్చు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది కనుక వెచ్చదనం కోసమని గాలాడకుండా మూసేయకూడదు. మన ఊళ్లలో దాని శత్రువు చలి కాదు, రోహిణి కార్తె. నీడన పెట్టుకోండి.

అచోలే పెట్టెకు ప్యాడే లేదు. నాకు బాగా నచ్చింది అదే. ఆ పెట్టెను దక్షిణపు గోడకు ఆనించారు. ఆ గోడకు బయట నల్లరంగు వేసి, ముందు అద్దం బిగించారు. పగలు తాగిన ఎండను గోడ రాత్రంతా మెల్లగా లోపలికి వదులుతుంది. దగ్గర్లోని ఫే గ్రామంలో సోనమ్ వాంగ్‌చుక్ వాళ్ల సెక్మోల్ బడి మట్టి భవనాలు కూడా ఇలా ఎండను పట్టుకునే చలికాలం గడుపుతాయి.

మర్నాడు పొద్దున కిటికీ మీద మంచు పూలు కరగనేలేదు. పెట్టెలో 7 డిగ్రీలుంది. కొండమీద ఎండ పడగానే ఛార్జింగ్ దీపం పచ్చగా వెలిగింది. అచోలే ఉప్పు టీ పోసి అందరికీ అందించారు.