98 శాతం

సుచిత్ర కూడలికి కాస్త లోపలగా మా ఇల్లు. ప్రక్క స్థలంలో అపార్టుమెంటు కడుతున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కాపలాదారు, అతని భార్య అక్కడే రేకుల గదిలో ఉంటారు. కిందటి పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున ఆమె మా గేటు తట్టింది.

"బాబూ, ఆయనకి తల పగిలిపోతందంట, వాంతులవుతన్నాయి. నాకూ కళ్లు తిరుగుతన్నాయి."

కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు పట్టుకెళ్లి అతని వేలికి తగిలించాను. 98 చూపింది. "ఆక్సిజన్ భేషుగ్గా ఉంది, పైత్యం చేసినట్టుంది, పడుకో" అన్నాను. మూలన ఇనుప తట్టలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. కిటికీ సందుల్లో గోనెలు కుక్కి ఉన్నాయి. అన్నీ నా కంటబడ్డాయి. బుద్ధికి మాత్రం అందలేదు.

నా వెనకే వచ్చిన మా ఆవిడ, "ఇద్దరికీ ఒకేసారి పైత్యం ఎలా చేస్తుందండీ? ముందు బయటికి తీసుకురండి!" అంది.

బొగ్గు అరకొరగా కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుబడిన నెత్తురూ ఎర్రగానే ఉంటుంది గనుక వేలికి పెట్టే యంత్రం తేడా కనిపెట్టలేదు. నేను నమ్మిన 98 అలాంటిదే. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ భవనంలో పొగకు ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు మరణించారు. అగ్నిప్రమాదాల పొగలో ప్రాణాలు తీసేవాటిలో ఈ వాయువే ముఖ్యం.

ఆసుపత్రిలో ఇద్దరికీ మాస్కు బిగించి శుద్ధమైన ఆక్సిజన్ ఇచ్చారు. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. శుద్ధమైన ఆక్సిజన్‌తో సుమారు గంటన్నర. పీడన గదిలో, మూడు రెట్ల వాతావరణ ఒత్తిడి వద్ద, అరగంటలోపే. అంత ఒత్తిడిలో ఆక్సిజన్ నేరుగా రక్తద్రవంలోనే కరుగుతుంది. 1895లోనే జాన్ హాల్డేన్ ఒక ఎలుకను ఈ విధంగా బతికించి చూపాడు. 2002లో అమెరికాలో 152 మందిపై ప్రచురితమైన అధ్యయనంలో, ఆరు వారాల తర్వాత జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించినవారు పీడన చికిత్స పొందినవారిలో 25 శాతం, తక్కినవారిలో 46 శాతం. అన్ని అధ్యయనాలూ ఇలా తేల్చలేదు. అందుకే స్పృహ తప్పినవారికి, గర్భిణులకు, గుండె దెబ్బతిన్నవారికి ముందుగా ఆ గదిని తలుస్తారు. మావాళ్లకు ఆ అవసరం రాలేదు.

మిత్రులారా, మూసిన గదిలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే యంత్రం కోసం వెతక్కండి. తలుపు తీయండి, మనుషుల్ని బయటికి లాగండి.

"బాబుగారే బతికించారు" అని అతను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. అప్పుడు మా ఆవిడ ఏమీ అనదు. నేనే తల దించుకుంటాను.